ఎడమ పురి

ఇవావో వచ్చేసరికి ఫుసాయె కొట్టంలో పీట ఎక్కి గడ్డి వాసన చూస్తోంది. దూలాలకు తలకిందులుగా వేలాడదీసిన కట్టల్ని ఒక్కొక్కటే మొహం దగ్గరికి లాక్కుని, కళ్లు మూసుకుని గట్టిగా పీల్చి వదిలేస్తోంది. లోపల ఎక్కడైనా చెమ్మ మిగిలితే బూజు కంపు కొడుతుంది. ఇప్పటిదాకా ఇరవై కట్టలు చూసింది, ఒక్కటీ కొట్టలేదు. ఆగస్టులో వరి పైరు పొట్టమీద ఉండగానే, వెన్ను బయటికి రాకముందే కోసి నీడపట్టున ఆరబెట్టిన గడ్డి అది. డిసెంబరు వచ్చినా ఇంకా పచ్చగానే ఉంది. ఊరికి పైనున్న అడవిలో కొండదేవత గుడికి ఏటా కొత్త సంవత్సరానికి ముందు మార్చే లావుపాటి తాడు ఈ గడ్డితోనే పేనుతారు. ఒకుతాని ఊరు మొత్తం మీద ఆ గడ్డి పండించేదీ, దువ్వేదీ, దంచేదీ ఫుసాయె ఒక్కతే.

"ఫుసాయె సాన్, కాస్త దిగుతారా," అన్నాడు ఇవావో గుమ్మంలోంచి. చేతిలో టోపీ, చంకలో ఫైలు. బళ్లో ఉపప్రధానోపాధ్యాయుడిగా చేసి రిటైరై పన్నెండేళ్లయినా ఆయన చంకలోని ఫైలు మాత్రం రిటైరు కాలేదు. ఇప్పుడది గుడి సంఘం అధ్యక్షుడి ఫైలు.

"చెప్పండి, ఇక్కణ్ణుంచీ వినపడుతుంది."

"పైకి చూసి మాట్లాడితే నాకు మెడ పట్టేస్తుంది."

ఫుసాయె దిగింది. తలగుడ్డ విప్పి భుజాల మీది గడ్డిపరకలు దులుపుకుంది.

"ఈ ఏడు మీకు శ్రమ తప్పిందని చెబ్దామని వచ్చాను," అన్నాడు ఇవావో. ఫైల్లోంచి ఒక రంగుల కాగితం తీసి చూపించాడు. అందులో తాడు బొమ్మ ఉంది. నున్నగా, బంగారు రంగులో, ఒక్క పరకైనా బయటికి పొడుచుకు రాకుండా ఉంది. "ప్లాస్టిక్ నార. ఎండకీ వానకీ పదేళ్లు చెక్కుచెదరదట. శనివారానికి వచ్చేస్తుంది. ఆదివారం ఎప్పట్లాగే అందరం గుడికి వెళ్లి కట్టేద్దాం."

ఫుసాయె ఆ బొమ్మ వంక చూసింది, దూలాల వంక చూసింది. "మరి ఈ గడ్డి?"

"మీ ముల్లంగి మడికి కప్పండి. వెచ్చగా ఉంటుంది."

"ముల్లంగికి వేరే గడ్డి ఉంది."

ఇవావో కాగితాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరికైనా కష్టమైన మాట చెప్పాల్సి వస్తే దాన్ని రాతలోకి తోసేసి తను పక్కకి తప్పుకోవడం ఆయనకి బళ్లో అలవాటైంది. "మీరు వేరేగా అనుకోకండి. పోయిన ఏడు కట్టిన తాడు ఫిబ్రవరిలోనే విడిపోయింది కదా. మీటింగు పుస్తకంలో రాసుకున్నాం. 'కారణం: గడ్డి తగినంతగా దంచకపోవుట.' ఎవరి పేరూ రాయలేదు."

"రాయక్కర్లేదు కదా," అంది ఫుసాయె.

ఇవావో తలవంచి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన చిన్న ట్రక్కు మలుపు తిరిగిందో లేదో పక్కింటి కియోనో మట్టి అంటుకున్న రెండు ముల్లంగి దుంపలు పట్టుకుని దిగబడింది. ఆ దుంపలు వట్టి సాకని ఇద్దరికీ తెలుసు.

"ఏమంటాడు ఉపప్రధానోపాధ్యాయుడు?"

ఫుసాయె చెప్పింది. కియోనో కొట్టం గడప మీద చతికిలబడింది. "నలభయ్యేళ్లుగా దంచుతున్నావు. పోయిన ఏడే దంచడం మరిచిపోయావా? నోరు విప్పి అడగవేం? ఆ తాడు ఇంకా గుడి ముందే వేలాడుతోంది. వెళ్లి విప్పి చూడు. ఎవరు పేనిన పాయ జారిందో అదే చెప్తుంది."

"ఎవరిదో నాకు తెలుసు."

"ఎవరిది?"

"తెలుసన్నాను. చెప్తానన్నానా?"

కియోనో కాసేపు ఆమె మొహంలోకి చూసి, ఇక మాట రాదని అర్థమై, దుంపలు అక్కడ పెట్టి లేచింది. "నువ్వూ నీ మంచితనమూ. ఉప్పులో ఊరేస్తే పదేళ్లు నిలవుంటారు ఇద్దరూ."

అది తోకుజి పాయ అని ఫుసాయెకి ఏ అనుమానమూ లేదు. మామూలు తాడు కుడివైపుకి పేనుతారు, దేవత తాడు ఎడమవైపుకి. మూడు పాయలూ ఎడమ పురి పట్టుకుంటేనే ఒకదాన్నొకటి కరుచుకుని నిలుస్తాయి. పోయిన ఏడు ఆడవాళ్ల వైపు కూర్చుని గడ్డి అందిస్తూ ఆమె కళ్లారా చూసింది. కోత మిల్లులో నలభయ్యేళ్లు దుంగలెత్తిన తోకుజి భుజం నొప్పితో మూడుసార్లు ఆగాడు. ఆగి మళ్లీ మొదలుపెట్టినప్పుడల్లా చెయ్యి తడబడింది. డెబ్భై ఆరేళ్ల మనిషిని పదిమందిలో నిలబెట్టి నీ చెయ్యి కుడికి పోయిందని అనడం ఎలా? అందుకే మీటింగులో ఆ వాక్యం చదివినప్పుడు కూడా ఆమె టీ గిన్నెలోకి చూస్తూ కూర్చుంది.

కానీ ఇప్పుడు గడ్డే వద్దంటున్నారు. దంచే బండ పక్కన కూర్చుని గుప్పెడు గడ్డి తీసుకుని చేతుల మధ్య పెట్టి నలిపింది. మధ్యాహ్నం అన్నం చల్లారిపోయేదాకా అక్కడే ఉంది.

గురువారం పొద్దున్నే ఫుసాయె గుడికి బయల్దేరింది. తాడు చూసుకోవాలనుకుంది గానీ, చూశాక ఏం చెయ్యాలో ఇంకా అనుకోలేదు. రెండువందల పన్నెండు మెట్లు. నాచు పట్టిన చోట కాలు పక్కకి వేసి, కూలిన మెట్టు దగ్గర సుగి దేవదారు చెట్టు వేరును పట్టుకుని ఎక్కాలి. ఆ చెట్లు ఎంత పాతవో ఎవరూ చెప్పలేరు. నలుగురు చేతులు కలిపినా అందనంత లావు. వాటి మధ్యకి వచ్చేసరికి కింద రోడ్డు మీద బండ్ల చప్పుడు ఎవరో తలుపు వేసేసినట్టు ఆగిపోతుంది. పైన ఎక్కడో ఒక పిట్ట ఒక్కసారి కూసి ఊరుకుంది. ఫుసాయె నడుం మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి తీసుకుంది. తోరి ద్వారం దగ్గర తలవంచింది. రాతి తొట్టెలో నీళ్ల మీద పల్చటి మంచుపొర ఉంటే గరిటె కాడతో పగలగొట్టి, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి కడుక్కుని, నోరు పుక్కిలించింది. పళ్లు జివ్వుమన్నాయి.

గుడి ముందు మెట్ల మీద తోకుజి కూర్చుని ఉన్నాడు.

కొయ్య కటకటాలకు ఒక గడ్డి పాయ కట్టి, ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో మెల్లిగా పురి తిప్పుతున్నాడు. ఫుసాయెని చూడగానే దొంగతనం చేస్తూ దొరికినవాడిలా ఆ పాయని వెనక దాచుకోబోయాడు. కటకటాలకు కట్టి ఉండటంతో అది రాలేదు.

"భుజం ఎలా ఉంది, తోకు అన్నయ్యా?" అంది ఫుసాయె. ఫిబ్రవరి నుంచీ ఎక్కడ కనిపించినా ఆమె మొదటి మాట అదే. గొంతు కాస్త తగ్గించి, కాస్త జాలి కలిపి అడుగుతుంది.

"నాకేం, బానే ఉంది. నీకు ఒంట్లో ఎలా ఉంది, ఫుసా?" అన్నాడు తోకుజి. ఆయనదీ ఫిబ్రవరి నుంచీ అదే మాట, అదే గొంతు.

ఆమె దేవత ముందు రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచి పైకి చూసింది. తాడు ఒక పక్క బాగానే ఉంది. రెండో పక్క పాయలు విడిపోయి, చింపిరి జుట్టులా వేలాడుతున్నాయి. దాని చుట్టూ ఇవావో కట్టిన నీలం ప్లాస్టిక్ దారం. పది నెలలుగా దేవత నెత్తి మీద ఆ నీలం దారం ఉంది.

"ఇక్కడ ఏం చేస్తున్నారు?" అంది.

"సాధన," అన్నాడు తోకుజి, అటువైపు చూస్తూ. "భుజం లేవకపోయినా చెయ్యి తిరుగుతుందేమోనని."

"ఈ ఏడు ఎవరూ పేననక్కర్లేదు. ప్లాస్టిక్‌ది వస్తోంది."

"తెలుసు. ఇవావో చెప్పాడు. అందుకే నీ తరఫున దేవతకి ఓ మాట చెబ్దామని వచ్చాను."

"నా తరఫునా?"

తోకుజి మెడ గోక్కున్నాడు. "పోనీలే ఫుసా. పోయిన ఏడు నీకు జ్వరం. నాలుగు రోజులు పడుకుని లేచి వచ్చి దంచావు. సుత్తి ఎత్తే ఓపిక ఎక్కడిది? నేను పాయ పట్టుకోగానే అనుకున్నాను, గడ్డి బిరుసుగా ఉందని. మీటింగుకి ముందు నీ పేరు రాస్తానన్నాడు ఇవావో. నేనే వద్దన్నాను. పేరు లేకుండా రాయమన్నాను."

ఫుసాయె ఆయన వైపు తిరిగింది. చెవులు వేడెక్కాయి. "మీరు నన్ను కాపాడారా?"

"ఊరికే, పెద్ద విషయమేం కాదు."

"అన్నయ్యా, పది నెలలుగా నేను మిమ్మల్ని కాపాడుతున్నాను."

"నన్నా? ఎందుకు?"

"మీ పాయ కుడికి పోయింది కనక. మూడుసార్లు ఆగారు. మూడుసార్లూ కుడికి తిప్పారు. నేను చూశాను. ముసలాయన పరువెందుకు తియ్యాలని నోరు మూసుకున్నాను."

తోకుజి లేచి నిలబడ్డాడు. "నేను ఏడేళ్ల వయసు నుంచీ ఎడమ పురి పేనుతున్నాను. నిద్రలో లేపి గడ్డి చేతిలో పెట్టినా ఎడమకే తిప్పుతాను."

"నేను ఒళ్లు కాలిపోతున్నా గడ్డిని చేత్తో చూడకుండా ఇవ్వను. బిరుసు గడ్డి నా చేతిలోంచి బయటికి పోదు."

"మరి భుజం ఎలా ఉందని అడిగినప్పుడల్లా..."

"మరి ఒంట్లో ఎలా ఉందని అడిగినప్పుడల్లా..."

ఇద్దరూ ఒకేసారి ఆగారు. ఆదివారం ఎలాగూ దించాల్సిన తాడే అది. తోకుజి గుడి పక్కనుంచి నిచ్చెన తెచ్చి ఆనించాడు. ఆయన భుజం లేవదు గనక ఫుసాయే ఎక్కింది. ఎక్కేముందు దేవత వైపు తిరిగి "కాస్త దించి చూస్తాం" అని చెప్పుకుంది. ముందు ఆ నీలం దారాన్ని కోసి, ఉండచుట్టి జేబులో కుక్కుకుంది. తర్వాత రెండు కొక్కేల నుంచీ తప్పించి తాడును కిందికి జార్చి దిగింది. ఇద్దరూ దాన్ని మెట్ల మీద పరిచి, చెరో వైపు మోకాళ్ల మీద కూర్చుని పాయలు విడదీశారు.

ఫుసాయె మూడు పాయల మీదా బొటనవేలితో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపింది. తోకుజి ఒక పరక తుంచి నోట్లో పెట్టుకుని ముందుపళ్లతో నమిలాడు. ఇంకో పాయలోది తీసి నమిలాడు. మూడో దాన్నీ నమిలాడు.

పరక నోట్లోంచి తీసి చూస్తూ ఆయనే అన్నాడు. "మెత్తగానే ఉంది."

"ఎడమకే ఉంది," అంది ఫుసాయె.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పది నెలలు దాచుకున్న గొప్పతనం ఇద్దరికీ ఒక్కసారే పోయింది. దానికి బదులుగా ఏం చేతికొచ్చిందో ఇంకా తెలియలేదు. ఫుసాయెకి నవ్వొచ్చేలా ఉంది గానీ ముందుగా తను నవ్వితే ఓడిపోయినట్టుంటుందని బిగబట్టుకుంది.

"మరి ఎలా ఊడింది ఇది?" అన్నాడు తోకుజి.

విడిపోయిన చివరని ఆమె వెలుగుకు పెట్టి చూసింది. అక్కడ పాయలు సన్నబడి ఉన్నాయి. పరకలు తెగిన చోట చీకిపోలేదు, చివికిపోలేదు. చిన్న ఉలితో ఏటవాలుగా కోసినట్టు ఉన్నాయి. అది కూడా తాడు పైవైపునే, చూరుకు దగ్గరగా ఉండే వైపునే. తోకుజి ఆ పరకలు చూసి, కింద నేల చూసి, నాలుగడుగులు వేసి వంగాడు. సుగి ఆకుల మధ్య మిరియాల గింజల్లాంటి రెట్టలు కనిపించాయి. వాటి పక్కన ఓక్ ఆకు ఒకటి పడి ఉంది. మధ్యకి మడిచి కొరికినట్టు, రెండు వైపులా ఒకే ఆకారంలో రంధ్రం.

"ఎగిరే ఉడత," అన్నాడు. "మిల్లులో ఉన్నప్పుడు చూసేవాణ్ణి. ఆకుని ఇలా మడిచి తింటాయి. చలికాలం మధ్యలో జంట కట్టి గూడు పరుచుకుంటాయి."

ఇద్దరూ తలలెత్తారు. చూరు కింద, పలక కాస్త విడిన చోట, ఎండిన గడ్డిపరకలు నాలుగు బయటికి వేలాడుతున్నాయి. వాటి పక్కనే ఒక లావుపాటి బూడిదరంగు తోక, సందులో పట్టక బయటే ఉండిపోయింది. దాని ఓనరు పగటినిద్రలో ఉంది. తోక చివర ఒకసారి కదిలి మళ్లీ స్తిమితపడింది.

"కొండ మొత్తం వెతికినా దీనికి ఇంత మెత్తగా దంచిన గడ్డి ఎక్కడ దొరుకుతుంది," అన్నాడు తోకుజి మెల్లిగా. "చూశావా, నీ గడ్డికి ఎవరు సర్టిఫికెట్ ఇచ్చారో."

అప్పుడు నవ్వింది ఫుసాయె. గుడి ముందని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తోకుజి భుజం పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగిందనుకున్నాక ఆయన "ఒంట్లో ఎలా ఉంది, ఫుసా" అన్నాడు. ఇంకోసారి మొదలైంది.

శుక్రవారం ఇద్దరూ కలిసి ఇవావో ఇంటికి వెళ్లారు. ఆయన వసారాలో ఎండు పెర్సిమన్ పళ్ల దండలు అటూ ఇటూ మారుస్తున్నాడు. ఫుసాయె చేతిరుమాల్లో కట్టి తెచ్చిన కొరికిన పరకలూ, ఆకూ బల్ల మీద పెట్టింది. ఇవావో కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. అడగాల్సిన ప్రశ్నలన్నీ అడిగాడు. ఏ వైపు చివర, ఎన్ని పాయలు, తోక ఎంత పొడవు. తర్వాత లోపలికి వెళ్లి మీటింగు పుస్తకం తెచ్చాడు. స్కేలు పెట్టి ఆ పాత వాక్యం మీద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాడు. పక్కన 'కారణం: ఎగిరే ఉడత' అని రాసి, తేదీ వేసి, తన ముద్ర అద్దాడు. పుస్తకం మూసి, చాప మీద చేతులు ఆనించి, నుదురు నేలకి తగిలేదాకా ఫుసాయె ముందు వంగాడు.

"చూడకుండా రాశాను. క్షమించండి."

ఫుసాయె కంగారుపడి తనూ వంగింది. ఎవరు ముందు లేవాలో తెలియక ఇద్దరూ కాసేపు అలాగే ఉండిపోయారు. తోకుజి దగ్గాడు.

"అయితే ఆదివారం గడ్డి తాడే కదా," అన్నాడు తోకుజి.

ఇవావో లేచి కూర్చుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "దాని సంగతే ఆలోచిస్తున్నాను. ఉడత గడ్డి లాక్కుపోతోందని తేలింది. ఈ ఏడు గడ్డి తాడు కడితే ఈ ఏడూ లాక్కుపోతుంది. ప్లాస్టిక్‌ని అది ముట్టుకోదు. మీరు తెచ్చిన సాక్ష్యంతో ప్లాస్టిక్ తాడు ఎందుకు మంచిదో ఇంకా బాగా తేలిపోయింది కదా?"

తోకుజి బల్ల మీది ఆకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఫుసాయె పరకల్ని మళ్లీ రుమాల్లో కట్టుకుంది. ఇవావో ముఖంలో వెటకారం లేదు, లెక్కల మాస్టారి బోధన మాత్రమే ఉంది. ఇద్దరికీ చెరో నాలుగు ఎండు పళ్లు కాగితంలో చుట్టి ఇచ్చి గుమ్మందాకా వచ్చి సాగనంపాడు.

దారిలో తోకుజి వంతెన దగ్గర ఆగి ఒక పండు కొరికాడు. "మనమే గెలిచాం కదా?"

"గెలిచాం," అంది ఫుసాయె.

"మరి ఇలా ఉందేం?"

ఆమెకీ అలాగే ఉంది. పేరు కడుక్కుంది. ఊళ్లో ఎవరూ ఆమె దంచడాన్ని ఇక అనరు. ఇంటికి వెళ్లి కొట్టంలో నిలబడితే మాత్రం, దూలాల నిండా పచ్చటి గడ్డి, ఎవరూ పిలవని పెళ్లికి ముస్తాబైనట్టు వేలాడుతోంది. శనివారం కియోనో వచ్చి ముల్లంగికి కప్పేద్దాం పట్టు అంటే, ఇంకా అంత చలి లేదు లెమ్మంది.

ఆదివారం తొమ్మిదింటికి గుడి ముందు తొమ్మిదిమంది చేరారు. ఊళ్లో మెట్లెక్కగలిగినవాళ్లు అంతమందే. ఆడవాళ్లు ఏటా తెచ్చేవన్నీ తెచ్చారు. పచ్చడి ప్లమ్ లోపల పెట్టిన అన్నం ముద్దలు, పెద్ద గిన్నెడు ముల్లంగి కూర, ఊరవేసిన దోసకాయ, ఫ్లాస్కుల్లో టీ. సాయంత్రం దాకా పని ఉంటుందన్న అలవాటుతో చేసిన వంట అది. ఏడు ఊళ్ల గుళ్లు ఒక్కతే చూసుకునే పూజారి చిహారు, తన తెల్ల బట్టల మీద దళసరి కోటు వేసుకుని, కాగితపు కుచ్చులు పళ్లెంలో పెట్టుకుని అప్పటికే వచ్చి ఉంది. ముప్పై నాలుగేళ్ల మనిషి. తాతగారి తర్వాత ఆవిడే.

ఇవావో పెట్టె విప్పాడు. తాడు బొమ్మలో ఉన్నట్టే ఉంది. వేటకెళ్లే హిరోకిచి ఒక్కడే దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, "దీనికి బరువే లేదేం," అన్నాడు. ఏటా ఆరుగురు మోసి ఎత్తే తాడు. హిరోకిచి ఒక నిచ్చెన, ఇవావో ఒక నిచ్చెన ఎక్కి కొక్కేలకు తగిలించారు. చిహారు కుచ్చులు కట్టి మంత్రం చదివింది. అందరూ వంగారు, రెండు చప్పట్లు కొట్టారు, వంగారు.

తోకుజి గడియారం చూసుకున్నాడు. తొమ్మిదీ ఇరవై.

తాడు బాగుంది. బాగాలేదని ఎవరూ అనలేరు. సుగి చెట్ల మధ్యనుంచి పడ్డ వెలుగులో మెరుస్తోంది. అందరూ దాన్ని చూశారు, చూసి పక్కకి చూశారు. మగవాళ్లు పనికని కట్టుకొచ్చిన తలగుడ్డలు సర్దుకున్నారు. కియోనో అన్నం పెట్టె మూత తీసి, ఇంత పొద్దున్నే ఎవరు తింటారని మళ్లీ మూసింది. చిహారు రెండుసార్లు "సరే అయితే" అంది గానీ కదల్లేదు. ఇవావో తాడు కింద నిలబడి అటువైపు చివర సరిచేశాడు, ఇటువైపు సరిచేశాడు. సరిచెయ్యడానికి ఏమీ లేదు. చేతులు రెండూ కిందికి వేలాడేసుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఫుసాయె ఎక్కడ కూర్చుందో వెతికి అటు నడిచాడు.

"మీ గడ్డి..." అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ముల్లంగికి కప్పేశారా?"

"లేదు. ముల్లంగికి ఇంకా చలి వెయ్యలేదు."

"ఆహా." ఇవావో ఫైలు కోసం చంక తడుముకున్నాడు. ఫైలు ట్రక్కులోనే ఉండిపోయింది. "నా ట్రక్కు కిందే ఉంది."

తోకుజి అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

తర్వాత రెండు గంటలు ఎలా గడిచాయో ఎవరికీ తెలియలేదు. కొట్టంలోంచి గడ్డి ట్రక్కులోకి, ట్రక్కులోంచి మెట్ల దాకా వచ్చింది. మెట్ల మీద తలా ఇరవై మెట్ల దూరంలో నిలబడి కట్టల్ని చేతికి చెయ్యి అందించుకున్నారు. చిహారు కోటు విప్పి, తెల్ల బట్టల చేతులు పైకి మడిచి కట్టుకుని నూటయాభయ్యో మెట్టు మీద నిలబడింది. దంచే బండని హిరోకిచి వీపున మోసుకొచ్చాడు. ఫుసాయె గడ్డి మీద నీళ్లు చిలకరించి, పొరలు వలిచి, దువ్వి, కొయ్య సుత్తితో దంచడం మొదలుపెట్టింది. గుప్పెడు గడ్డిని ఎడమ చేత్తో తిప్పుతూ కుడి చేత్తో ఒకే జోరున కొట్టింది. ఆ చప్పుడు చెట్ల మధ్య తిరిగి వెనక్కి వచ్చింది. చూరు కింద తోక లోపలికి పోయింది.

"నిద్ర చెడగొట్టాం," అంది కియోనో.

"దాని పరుపు పని మీదే ఉన్నామని చెప్పు," అన్నాడు తోకుజి.

ప్లాస్టిక్ తాడు దించి మడిచారు. ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చింది. హిరోకిచి తన కుక్కల కొట్టానికి అడగబోయి ఇవావో మొహం చూసి ఊరుకున్నాడు. చిహారు ముందుకొచ్చింది. "నాకు ఇస్తారా? కొండకి అవతల నేను చూసే ఒక గుడి ఉంది. ఆ ఊళ్లో ఇప్పుడు ఇద్దరే ఉన్నారు, ఇద్దరూ మెట్లెక్కలేరు. నాలుగేళ్లుగా ఆ గుడికి తాడే లేదు. ఇదైతే నేనొక్కదాన్నే కట్టుకోగలను." ఇవావో ఆ తాడును పెట్టెలో ఎలా వచ్చిందో అలాగే సర్ది, రెండు చేతులా ఆవిడకి ఇచ్చాడు. ఆయన మొహం ఆ పొద్దున మొదటిసారి తేటపడింది.

పేనడం దగ్గరికి వచ్చింది. దూలానికి గడ్డి తలకట్టు బిగించి మూడు పాయలు వదిలారు. హిరోకిచి ఒకటి పట్టాడు, ఇవావో ఒకటి పట్టాడు. మూడోది తోకుజిది. ఆయన పట్టుకుని చెయ్యి పైకి లేపాడు. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకోసారి లేపాడు. అక్కడే ఆగింది.

తోకుజి ఆ పాయని చూసి, వెనక్కి తిరిగి, "ఫుసా, ఇలా రా," అన్నాడు.

ఫుసాయె సుత్తి పట్టుకునే ఉండిపోయింది. పేనడం మగవాళ్ల పని. ఎప్పుడూ ఎవరూ అలా అని ఎక్కడా రాయలేదు. ఎవరూ వేరేగా చెయ్యనూ లేదు. ఇవావో ఇటూ అటూ చూసి చివరికి చిహారు వైపు తిరిగాడు. "పూజారి గారూ, ఇది... ఆడవాళ్లు పేనవచ్చునా?"

"నన్నా అడుగుతున్నారు?" అంది చిహారు.

ఇవావో ఆవిడ పూజారి బట్టలు చూసి, తను అడిగినదేమిటో అర్థమై, చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"నేను పూజారినవుతానంటే మా తాతగారూ ఇలాగే సందేహపడ్డారు," అంది చిహారు. "తర్వాత ఆయనకి మోకాళ్లనొప్పులొచ్చాయి. మెట్లెక్కేది నేనేనని తేలాక ఆ సందేహం మళ్లీ రాలేదు."

కియోనో ఫుసాయె చేతిలోంచి సుత్తి లాక్కుంది. "వెళ్లు. నేను దంచుతాను. బాగా దంచకపోతే ఉడత మీదికి తోసేద్దాం."

ఫుసాయె చేతులు తుడుచుకుని పాయ పట్టుకుంది. నలభయ్యేళ్లు పక్కనుంచి చూసిన పని. చూడటం వేరు, చేతిలో బరువు వేరు. గడ్డి చన్నీళ్లతో తడిసి జారుతోంది. తిప్పితే ఎదురు తిరుగుతోంది. తోకుజి ఆమె వెనక నిలబడి, "బొటనవేలుతో కాదు, మణికట్టుతో. ఆ... అలా. ఇప్పుడు హిరోకిచికి అందించు," అంటూ మాటలతోనే చేతులు కదిపాడు. ఒకరు తిప్పి పక్కవాళ్లకి అందించడం, వాళ్లది తను అందుకోవడం. సన్నబడిన చోటల్లా ఆడవాళ్లు కొత్త గడ్డి దూర్చారు. మూడో చుట్టుకి ఆమె చేతులకి ఆ నడక దొరికింది. పదో చుట్టుకి ఆమె తల ఎత్తి ఎదురుగా చూసింది.

"అధ్యక్షులవారూ."

"ఏమిటి?" అన్నాడు ఇవావో. ఎగిరే ఉడత పూర్తి పేరు, దాని జాతీ వివరిస్తూ పేనుతున్నాడు.

"మీరు మాట్లాడుతుంటే చేతులు కుడికి పోతున్నాయి."

ఇవావో చేతిలోకి చూసుకున్నాడు. నిజమే. మూరెడు పాయ కుడికి తిరిగి ఉంది. అందరూ ఆగారు. హిరోకిచి ముందు నవ్వాడు, ఆపైన అడవంతా నవ్వినట్టయింది. తోకుజి భుజం పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. ఇవావో ఆ మూరెడూ విప్పి, పెదాలు బిగించుకుని, చివరిదాకా ఒక్క మాట మాట్లాడకుండా పేనాడు. ఆయన జీవితంలో అంతసేపు మౌనంగా ఉండటం ఎవరూ చూడలేదని కియోనో అంది. దానిక్కూడా ఆయన సమాధానం చెప్పలేదు.

మధ్యాహ్నం రెండున్నరకి తాడు లేచింది. ఆరుగురు ఎత్తారు, ముగ్గురు నిచ్చెనలు పట్టుకున్నారు. పొడుచుకొచ్చిన పరకల్ని ఫుసాయె కత్తెరతో కత్తిరించింది. నడిమి భాగం మనిషి తొడంత లావుంది. కాస్త వంకర ఉంది. ఇవావో తిప్పిన చోట కాదు, ఆమె మొదటి మూడు చుట్ల చోట. ఆమెకి తెలుసు. ఎవరూ అనలేదు. పచ్చి గడ్డి వాసన చెట్ల కింద నిండిపోయింది. చిహారు ఇంకోసారి మంత్రం చదివింది. పొద్దున్న చదివింది చెల్లదా అని హిరోకిచి అడిగితే, చెల్లుతుంది గానీ ఇప్పుడు చదవాలనిపించింది అంది.

అన్నం ముద్దలు రాయిలా చల్లబడ్డాయి. ఒక్కటీ మిగల్లేదు.

సోమవారం పొద్దున ఫుసాయె పొయ్యి మీంచి మిసో చారు గిన్నె దించబోయింది. నిన్న పురి తిప్పిన వేళ్లు ముడుచుకోలేదు. గుడ్డ వేసి రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని దించింది. చాప్‌స్టిక్స్ పట్టుకోబోతే ఒకటి అన్నంలో, ఒకటి బల్ల కింద పడ్డాయి. మళ్లీ తీసింది, మళ్లీ పడ్డాయి. ఆఖరికి గిన్నె ఎత్తి చారు తాగేసి, అన్నం పెద్ద చెంచాతో తింది.

ఫోను మోగింది. మోచేత్తో స్పీకరు నొక్కింది.

"ఫుసాయె సాన్," అన్నాడు ఇవావో. "ఒక చిన్న సందేహం. మీ దగ్గర పిల్లల చెంచాలాంటిది ఏమైనా ఉందా? మా ఇంట్లో ఉన్నవన్నీ సన్నకాడవి. చేతికి ఆగటం లేదు."

"ఉంది. వచ్చి తీసుకెళ్లండి."

"ట్రక్కు స్టీరింగు పట్టుకోలేను. నడిచి వస్తాను. హిరోకిచిది కూడా అదే పరిస్థితట. తుపాకీ తుడుద్దామని కూర్చుని వదిలేశాడట. అతన్నీ తీసుకురానా?"

"తీసుకురండి," అంది ఫుసాయె. "చారు ఉంది. గిన్నెతో తాగేదే."

ఆమె లేచి, తలుపుకి భుజం ఆనించి తోసి తెరిచింది. తర్వాత బియ్యం డబ్బా మూత ఎలా తియ్యాలా అని ఆలోచిస్తూ వంటింట్లోకి నడిచింది.